డాక్టర్ చెప్పని మాట

పాలగిన్నె చేతిలోంచి జారి, పాలు గడప దాటి వాకిట్లోకి పారిన చోట కదా పోయినవారం ఆగాం. పెద్ద గిన్నె కాదు అది. పాపకు పాలు కాచే చిన్న గిన్నె. గట్టిగానే పట్టుకున్నాననుకుంది శ్రీవాణి. వేళ్ళు ఎప్పుడు వదిలేశాయో ఆమెకు తెలియనే లేదు.

ఆమెను వణికించింది అదే. జారినందుకు కాదు, జారుతున్న సంగతి చేతికి తెలియనందుకు. ఆ చేతిలో గిన్నె బదులు పాప ఆశ ఉండి ఉంటే?

చప్పుడుకు అత్త దుర్గమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పాలను చూసింది. కోడలి మెడకున్న స్పాంజి పట్టాను చూసింది.

"మల్ల ఫోన్ పట్టినవా ఏందే?"

"ఫోన్ నా దగ్గర ఏడుందత్తా. మీ కొడుకు తీసి దాచిపెట్టి రెండు నెల్లాయె."

"ముందు చూసింది యాడికి పోతది. ఒంట్లనే ఉంటది. జరుగు జర, తుడుస్త."

లేని ఫోన్ మీద కూడా నేరం మోపడం దుర్గమ్మకే చెల్లింది. అయినా శ్రీవాణికి కోపం రాలేదు. ఎందుకంటే ఆమె కూడా అదే నమ్మింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. శ్రీవాణిది బెల్లంపల్లి. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు, ఆ తర్వాత కొన్నేళ్ళకు మహారాష్ట్రలో ఘుగ్గుస్ బొగ్గు గనిలో పనిచేసే రమేష్‌కిచ్చి పెళ్ళి చేశారు. పాప పుట్టాక ఆమెకు ఫోనే తోడైంది. పాలు పట్టేటప్పుడు, జోకొట్టేటప్పుడు, అన్నం ఉడికేటప్పుడు తల వంచుకుని ఫోన్‌లోనే ఉండేది. అందులో సగం వాళ్ళమ్మ సాయమ్మ గొంతే. సాయమ్మకు చదువు రాదు. చెల్లెలు రజిని తన ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి అమ్మ మాటను పంపేది, శ్రీవాణి ఇటునుంచి మాట నొక్కి పంపేది. అలా ఉండగా మెడ పట్టేసింది. రమేష్ చంద్రపూర్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి ఆమెకు చెప్పాడు.

"అంతా ఫోన్ తోనే అయిందట. తల వంచి వంచి నరం నలిగిందట. ఇంక పట్టినవంటే చెయ్యే పడిపోతదట. చెప్పింది గదా జ్యోతీ?"

పక్కన ఉన్న ఆడబిడ్డ జ్యోతిలక్ష్మి తలూపింది.

శ్రీవాణి ఆ మెట్ల మీదే ఫోన్ తీసి మొగుడి చేతిలో పెట్టేసింది. వస్తూ వస్తూ మందుల దుకాణంలో రమేష్ మెడపట్టా కొన్నాడు. ఆ రోజు నుంచి స్నానానికి తప్ప అది మెడ దిగలేదు. చంద్రపూర్ ఎండ సంగతి తెలిసిందే. పట్టా కింద చెమట, చెమట కింద పొక్కులు. ఓర్చుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్ళు తమ పిల్లలకు ఆమెను చూపించేవారు. "ఇగో, గామె మెడ జూడు. పొద్దుమాపు ఫోన్ జూస్తె గట్లనే అయితది" అనేవారు. శ్రీవాణి కూడా నవ్వి, "అవు బిడ్డా, నన్ను జూసి నేర్సుకోండ్రి" అనేది. తప్పు తనదే అయినప్పుడు ఇంకేమనాలి?

నొప్పి మాత్రం తగ్గలేదు. మెడ నుంచి భుజానికి, భుజం నుంచి కుడి చేతి వేళ్ళకు దిగింది. ఇప్పుడు గిన్నె జారింది.

ఆ పొద్దున రమేష్ మొదటి షిఫ్టుకు పోయాడు. శ్రీవాణి పాపకు ఉతికిన గౌను వేసి, నీళ్ళసీసా సంచిలో పెట్టుకుంది.

"ఆశకు టీకా ఉందత్తా. పోయొస్త."

అత్తతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. బస్సెక్కి, బొగ్గు లారీల వెనక దుమ్ము మింగుతూ చంద్రపూర్ చేరింది. ఫోన్ మానేసినా చెయ్యి ఎందుకు పడిపోతోందో అడగాలి. అంతకు మించి ఆమె మనసులో ఇంకేమీ లేదు. మొగుడి మీద అనుమానం అసలే లేదు.

ఆ గని కాలనీలో తెలుగు ఆడవాళ్ళు దవాఖానకు పోయే పద్ధతి ఒకటుంది. నొప్పి ఉన్నామె స్టూలు మీద కూర్చుంటుంది. మరాఠీ వచ్చినవాళ్ళు, మొగుడో మరిదో ఆడబిడ్డో, డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చుంటారు. డాక్టరు వాళ్ళను అడుగుతుంది, వాళ్ళే జవాబు చెప్తారు. నొప్పి ఉన్నామె నొప్పి ఉన్న చోటును వేలితో చూపిస్తుంది, అంతే. లోపల ఏం మాట్లాడుకున్నారో బయటికొచ్చాక ఆమెకు రెండు ముక్కల్లో అందుతుంది. దీన్ని ఎవరూ తప్పనుకోరు. శ్రీవాణి కూడా ఏనాడూ అనుకోలేదు.

అందుకే ఆ రోజు లోపలికి వెళ్ళగానే అలవాటుగా స్టూలు మీదే కూర్చుంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. డాక్టరమ్మ ఆ కుర్చీని, తలుపును చూసి మరాఠీలో ఏదో అడిగింది.

"ఎవరూ రాలేదు మేడం. నేనొక్కదాన్నే. హిందీల చెప్పుండ్రి" అంది శ్రీవాణి, తనకొచ్చిన బజారు హిందీలో.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. అక్కడి నుంచి హిందీలోనే, నిదానంగా మాట్లాడింది.

"మీకు హిందీ వస్తుందా?"

"జర జర వస్తది. మాది బెల్లంపల్లి. బొగ్గు బాయిల ఊరు, మస్తు మంది మాట్లాడుతరు."

"మరి మీ ఆయన, ఆమెకు తెలుగు తప్ప ఏదీ రాదు అన్నాడే. అందుకే ఆ రోజు నేను మీతో మాట్లాడలేదు. ఇలా రండి, కుర్చీలో కూర్చోండి." ఆమె చూపు మెడ మీద ఆగింది. "ఈ పట్టా ఎవరు పెట్టమన్నారు?"

శ్రీవాణికి ప్రశ్న అర్థం కాలేదు. "మీరే గదా మేడం."

"నేనా?"

"తియ్యొద్దన్నరు గదా. రాత్రి కూడ."

డాక్టరమ్మ లేచి వచ్చి పట్టా విప్పింది. కింద చర్మం ఎర్రగా, పొక్కులతో ఉంది. కాసేపు దాన్నే చూసి, పట్టాను టేబుల్ చివరకు నెట్టింది. "నేను చెప్పింది మెడ కదిలించమని. చిన్న చిన్న వ్యాయామాలు నేర్పాను, మీ వెంట వచ్చిన అమ్మాయికి చేసి చూపించాను కూడా. ఇంట్లో మీకు చూపించలేదా?"

చూపించలేదని శ్రీవాణి చెప్పలేదు. చెప్తే ఇంటి పరువు పోతుందన్నట్టు పెదవులు బిగించుకుంది.

డాక్టరమ్మ ఆమె కుడి చెయ్యి పట్టుకుని, తన వేళ్ళను గట్టిగా నొక్కమంది. నొక్కింది. ఇంకా గట్టిగా అంది. ఇంతకంటే రాదంది శ్రీవాణి. తర్వాత కళ్ళు మూసుకోమంది.

"నేను ఏ వేలు తాకుతున్నానో చెప్పండి."

శ్రీవాణి కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఒళ్ళో ఆశ ఊపిరి. ఇంకా ఎందుకు తాకట్లేదా అనుకుంటుండగా డాక్టరమ్మ అంది, "కళ్ళు తెరవండి. రెండుసార్లు తాకాను."

చూపుడువేలి మీద డాక్టరమ్మ వేలు ఇంకా అలాగే ఉంది.

శ్రీవాణి ఆ వేలిని చాలాసేపు చూసింది. తన వేలే. గోరు మీద పసుపు మరక కూడా తనదే. "ఫోన్ బంద్ జేసి రెండు నెల్లయింది మేడం. ఒక్కనాడు ముట్టలేదు. అయినా ఎందుకు?"

"ఫోన్ బంద్ చేయమని ఎవరన్నారు?"

ఈసారి శ్రీవాణి మీరే అనలేదు.

"చూడండమ్మా" అంది డాక్టరమ్మ. "ఫోన్ వల్ల మెడ నొప్పి వస్తుందా అంటే, రావొచ్చు. తల అలా కిందికి వాలిస్తే మెడ కండరాలు దాని బరువు మోయాలి. గంటలకొద్దీ ఒకే తీరున ఉంటే ఎవరికైనా పట్టేస్తుంది. కానీ రోజంతా ఫోన్ చూసి ఏ నొప్పీ లేనివాళ్ళున్నారు, ఫోనే లేకుండా మెడ నొప్పితో వచ్చేవాళ్ళూ ఉన్నారు. మీరు పాపకు పాలిచ్చేటప్పుడు తల ఎటుంటుంది? బియ్యం ఏరేటప్పుడు? అందుకని ఆ రోజు మీ ఆయనకు ఏం చెప్పానంటే, ఫోన్ కూడా ఒక కారణం కావొచ్చు, అదే అని మాత్రం గట్టిగా చెప్పలేను అన్నాను. ఫోన్‌ను మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకోమన్నాను. మధ్య మధ్యలో లేచి తిరగమన్నాను. మానేయమని అనలేదు."

"చెయ్యి పడిపోతదని..."

"అది ఫోన్ గురించి కాదు. వేళ్ళు తిమ్మిరెక్కితే, పట్టు తప్పితే, ఏదో నరం నొక్కుకుంటోందేమో చూడాలి, ఆ రోజే తీసుకురండి అన్నాను. ఏమీ లేకపోయినా వారం రోజుల్లో మళ్ళీ చూపించమన్నాను. మీ ఆయన సరే అన్నాడు. ఆ అమ్మాయి తలూపుతూ విన్నది. ఇన్నాళ్ళూ మీరే రాలేదనుకున్నాను."

శ్రీవాణి తలుపు వైపు చూసింది. ఫోన్ ఇచ్చేసిన మెట్లు ఆ తలుపుకు అవతలే ఉన్నాయి. లోపల మాట్లాడిన మాట తలుపు దాటేసరికే మారిపోయిందన్నమాట. అంత దగ్గరలో, తన ముందే, తను స్టూలు మీద కూర్చుని ఉండగానే.

"మెడకు ఎమ్మారై తీయించాలి. చూడకుండా నేనేమీ చెప్పను. భయపడమనట్లేదు, ఆలస్యం వద్దంటున్నాను."

"పాపను ఎత్తుకోవచ్చునా?"

డాక్టరమ్మ పాప వైపు చూసింది. "కూర్చుని ఒళ్ళో పెట్టుకోండి. నిలబడి ఆ చేత్తో మాత్రం వద్దు. ఇప్పటికి."

బయటికి వచ్చేటప్పుడు శ్రీవాణి ఆశను ఎడమ చంకనేసుకుంది. పట్టా టేబుల్ మీదే వదిలేసింది. మెడకు గాలి తగులుతుంటే ఎవరో బట్టలు లాగేసినట్టు అనిపించింది.

రమేష్‌ను అడగాలి. కానీ ఏమని అడగాలి? అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు, కొట్టే మనిషి అసలే కాదు. పాపకు జ్వరమొస్తే నైట్ షిఫ్టు చేసొచ్చి కూడా నిద్రపోకుండా భుజాన వేసుకుని తిరిగిన మనిషి. అలాంటి మనిషి ఇంత మాట ఎలా మార్చాడు? ఆమెకు అందనిది అదే. చెడ్డవాడు చేస్తే దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. నమ్మినవాడు చేస్తే వెనక్కి తిరిగి తను నమ్మిన ఒక్కొక్క రోజునూ మళ్ళీ తడుముకోవాలి.

బస్టాండులో ఘుగ్గుస్ బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద, చెరుకు రసం బండి నీడలో, జ్యోతిలక్ష్మి కూర్చుని ఉంది. కాలేజీ అయిపోయి ఇంటికి పోయే వేళ. ఒళ్ళో సంచి, సంచి మీద ఫోన్, ఫోన్ మీదికి కొంగలా వంగిన మెడ. చుట్టూ లోకం మునిగిపోయినా తలెత్తేట్టు లేదు.

ఆశే ముందు చూసి "అత్తా" అంది.

జ్యోతి ఉలిక్కిపడింది. "వదినా? నువ్వేంది ఈడ? పట్టా ఏది?"

"డాక్టర్ తీసేసింది."

"ఏ డాక్టర్?"

"ఆమెనే. నువ్వు తలూపుకుంట విన్నవట గదా, ఆ డాక్టర్."

జ్యోతి ఫోన్‌ను సంచిలోకి జార్చింది. పక్కకు జరిగి చోటిచ్చింది. శ్రీవాణి కూర్చోలేదు.

"వదినా, ఎండల నిలబడకు. కూసో ముందుగాల. రసం తాగుతవా?"

"వ్యాయామాలు నీకు చేసి చూపెట్టిందట. ఏవి? చెయ్యి జర, నేను గూడ చూస్త."

"వదినా..."

"వారంల రమ్మన్నదట. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ దినమే తీస్కరమ్మన్నదట. నీకు మరాఠీ వస్తది, మీ అన్నకొస్తది. నాకు రాదు. అందుకే గదా నిన్ను ఎంబడి తీస్కపోయింది. ఆడమనిషి లోపలుంటే నాకు ధైర్యమని."

జ్యోతి అటూ ఇటూ చూసింది. బెంచీ చివర ఒక ముసలాయన బీడీ కాల్చుకుంటున్నాడు. "ఇంటికి పోయినంక మాట్లాడుకుందం. అందరు ఇంటరు."

"ఇననీ. తెలుగే గదా, ఎవరికి సమజైతది. ఇన్నొద్దులు నాకు సమజ్ కాకుండ మాట్లాడిండ్రు, ఇయ్యాల వాళ్ళకు కాకుంటె ఏమైతది."

చెరుకు రసం బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. జ్యోతి చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"అన్న చెప్పొద్దన్నడు" అంది చివరకు. "ఫోన్ ఒక కారణం కావొచ్చన్నది గదా ఆమె. అన్న గా మాటనే పట్టుకున్నడు. ఫోన్ బంద్ జేస్తె తగ్గుతదని నిజంగనే నమ్మిండు వదినా. నీకు మామూలుగ చెప్తె ఇనవని జర ఎక్కువ జేసి చెప్పిండు. నీ మంచికే."

"పట్టా గూడ నా మంచికేనా?"

"పట్టా ఉంటె నీకు యాదికుంటదని."

శ్రీవాణికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆశ కూడా నవ్వింది. "ఎడ్లకు గూడ రాత్రికి కాడి దించుతరు జ్యోతీ. నల్లా కాడ నన్ను పోరగాండ్లకు చూపెట్టి బుద్ధి చెప్తుంటె, నువ్వు పక్కన్నే బిందె పట్టుకుని నిలబడ్డవ్. నేను గూడ వాళ్ళతోని కలిసి నన్నే తిట్టుకున్న. అప్పుడన్న నోరు తెరవబుద్ధి కాలేదా?"

"తెరిస్తె కాలేజీ బంద్ అన్నడు."

ఆ మాట దగ్గర శ్రీవాణి బెంచీ మీద కూర్చుంది. పాపను ఒళ్ళోకి మార్చుకుంది.

పన్నెండో తరగతి కాగానే జ్యోతికి సంబంధాలు చూద్దామన్నది దుర్గమ్మ. వద్దన్నది శ్రీవాణే. తనను తొమ్మిదిలో ఆపేశారు, లెక్కల పుస్తకం అట్ట కూడా నలగలేదు అప్పటికి. ఆ కడుపుమంటతో ఈ పిల్ల కోసం అత్తతో మాటామాటా అనుకుంది, మొగుడితో మాట్లాడ్డం మానేసింది, చివరకు ఒప్పించింది. కాలేజీకి పోయే మొదటి రోజు జ్యోతికి తలదువ్వి పంపింది తనే. ఆ కాలేజీ నిలబెట్టుకోవడానికి ఈ పిల్ల తన చేతిని వదిలేసింది.

"నీ కాలేజీ కోసం కొట్లాడింది ఎవరే?" అంది మెల్లగా.

జ్యోతి ఏడవడం మొదలుపెట్టింది. శ్రీవాణి ఓదార్చలేదు. ఓదార్చకుండా ఉండడం ఇంత సులువని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"ఎందుకు జ్యోతీ? మెడ నొప్పి నాది. ఫోన్ నాది. మీ అన్నకు అంత కష్టం ఏమొచ్చింది?"

"నువ్వు పొద్దందాక మీ అమ్మతోనే మాట్లాడుతవని. ఆశ పుట్టినప్పుడు బెల్లంపల్లి పోయి ఎన్ని నెల్లకు వచ్చినవ్, యాదికుందా? అప్పటి నుంచి అన్నకు భయం. మీ అమ్మ పిలిస్తె మల్ల పోతవని, ఈసారి రావని. ఫోన్ మోగితె చాలు, ఆయన మొకం మాడిపోతుండె. నీకెప్పుడన్న కనవడ్డదా?"

కనబడలేదు. తల వంచుకుని ఫోన్‌లో ఉన్నది కదా. ఆ ఒక్కటీ నిజమేనని శ్రీవాణి మనసులోనే ఒప్పుకుంది. ఒప్పుకున్నా మంట చల్లారలేదు.

సంచిలో ఫోన్ గరగరమంది. జ్యోతి సంచిని గట్టిగా అదిమింది. ఆ అదమడం చూసి శ్రీవాణి ఎడమ చెయ్యి చాపి సంచి జిప్పు లాగింది. ఫోన్ వెనక రామచిలుక బొమ్మ. పాలు తాగనని మారాం చేస్తే చూపించడానికి ఆశ కోసం తనే అంటించిన బొమ్మ.

"ఇది నాది."

జ్యోతి చెయ్యి తీసేసింది.

"బీరువల దాచిన్నన్నడు. నీ సంచిలకెట్లొచ్చింది?"

"మీవోళ్ళు ఫోన్ జేస్తుంటరు గదా. ఎవరు ఎత్తకుంటె పరేషానై వస్తరని... అన్న నాకిచ్చిండు."

"ఇచ్చి?"

"మెసేజీలు పెట్టుమన్నడు. నువ్వు పెట్టినట్టు."

శ్రీవాణికి ఒక్కసారిగా అర్థం కాలేదు. లారీ ఒకటి బస్టాండు ముందు నుంచి పోయింది, ఆ మోత తగ్గేదాకా ఆగి అడిగింది. "నేను మెసేజీలు రాయను గదా. మాటనే నొక్కి పంపుత."

"మెడ నొప్పి లేసింది, డాక్టర్ ఫోన్ చెవి కాడ పెట్టొద్దన్నది, అందుకే రాస్తున్న అని పెట్టిన. రజిని నమ్మింది. మీ అమ్మకు చదివి ఇనిపిస్తది."

ఈ రెండు నెలలూ శ్రీవాణి ఒకటే అనుకుంటూ ఉంది, అమ్మ ఒక్కసారైనా ఎందుకు కబురు చేయలేదని. మీ అమ్మకు బాగున్నవని చెప్పిన, సరే అన్నది అని రమేష్ అన్నప్పుడల్లా, నొప్పితో ఉన్న బిడ్డను ఒక్కసారి చూసిపోవాలని కూడా అనిపించలేదా అని అమ్మ మీద లోపల్లోపల అలిగింది. అటుపక్క అమ్మ, రజిని చదువుతుంటే, ఈ పిల్ల రాసిన అక్షరాల్లో తన బిడ్డ గొంతు వెతుక్కుంటూ కూర్చుంది.

"ఏమేం రాసినవ్?"

"మంచిగున్న అని. తగ్గుతుంది అని." జ్యోతి గొంతు సన్నబడింది. "రావద్దు అని."

"వస్తనన్నదా అమ్మ?"

జ్యోతి రసం బండి వైపు తిరిగింది.

"జ్యోతీ. అమ్మ వస్తనన్నదా?"

"వచ్చింది వదినా. మొన్న. కాలనీ గేటు కాడికి వచ్చింది. చేతిల నూనె సీస ఉండె, నీ మెడకు రాయనీకి. అన్న డ్యూటీ దిగి వస్తుండు, ఎదురుపడ్డది. నిన్ను చూస్తె పట్టా, గిట్ల అంతా బయటవడ్తదని అన్నకు ఏం తోచలేదట. నువ్వు ఇంట్ల లేవన్నడు. నీ బిడ్డను నాగపూర్ల పెద్ద దవాఖానల షరీక్ జేసినం, మంచమిచ్చిండ్రు, నేను గూడ ఆడికే పోత, నువ్వు ఇంటికి పో, నేను ఫోన్ జేయిస్త అన్నడు. ఆటో ఎక్కించి బల్లార్‌పూర్ టేషనుకు పంపిండు."

శ్రీవాణి ఒళ్ళో ఆశ జారుతుంటే మోచేత్తో పట్టుకుంది. వేళ్ళను నమ్మలేదు.

"ఇంటికి చేరిందా?"

"అదే వదినా" అంది జ్యోతి. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. "రజిని పొద్దటిసంది అడుగుతుంది. అక్కా, అమ్మ నీ దగ్గరనే ఉన్నదా, ఎప్పుడు పంపుతవ్ అని. నాకేం రాయాల్నో తెలుస్తలేదు. గందుకే ఈడ కూసున్న."

బల్లార్‌పూర్ స్టేషన్‌లో బెల్లంపల్లి మీదుగా కాజీపేట వైపు పోయే బండి ఉంటుంది, నాగపూర్ వైపు పోయే బండీ ఉంటుంది. బిడ్డ నాగపూర్ ఆస్పత్రిలో పడి ఉందని విన్న తల్లి ఏ బండి ఎక్కుతుందో శ్రీవాణికి ఒకరు చెప్పనక్కర్లేదు. అక్షరం రాని మనిషి. మరాఠీ రాదు, హిందీ రాదు. లేని బిడ్డ కోసం ఏ ఆస్పత్రి గుమ్మంలో ఎవరిని అడుగుతూ ఉందో.

సాయమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఒకటి ఉంది, అవసరానికి, మోగినా చాలాసార్లు ఎత్తదు. శ్రీవాణి రామచిలుక ఫోన్‌ను ఎడమ చేత్తో తీసుకుని ఆ నంబరుకు కొట్టింది. మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తారు.

"అమ్మా, నేనే" అంది.

అటువైపు అమ్మ కాదు. ఎవరో మగమనిషి. వెనకాల జనం, ఇనుప మంచమేదో ఈడ్చిన చప్పుడు. ఆయన మరాఠీలో గబగబా చెప్పుకుంటూ పోతున్నాడు. శ్రీవాణి స్పీకర్ నొక్కి జ్యోతి వైపు చూసింది. జ్యోతి వింటోంది. వింటున్నకొద్దీ ఆ పిల్ల ముఖంలో నెత్తురు ఇంకిపోతోంది.

"ఏమంటుండు?"

జ్యోతి పెదవులు తడుపుకుంది. "ఏం లేదు వదినా. తప్పు నంబరట."

శ్రీవాణికి వచ్చిన మరాఠీ గుప్పెడు మాటలే. ఆజీ అంటే ముసలామె అని మాత్రం తెలుసు. ఆ మనిషి ఆజీ అని రెండుసార్లన్నాడు.

ఘుగ్గుస్ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. జ్యోతి లేచి నిలబడింది. శ్రీవాణి లేవలేదు. స్పీకర్ ఆపి, ఫోన్‌ను చెవికి ఆనించుకుంది.

"భయ్యా, నాకు మరాఠీ రాదు. హిందీల చెప్పు. గామె మా అమ్మ."

అటువైపు జనం చప్పుడు దూరమైంది. తర్వాత ఆ గొంతు మెత్తబడింది, హిందీలోకి మారింది. "అమ్మా, పక్కన మగవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ఫోన్ వాళ్ళకివ్వండి. వాళ్ళకు చెప్తాను."

"ఎవరు లేరు" అంది శ్రీవాణి. "నాకే చెప్పు."